సిసీలియన్, ఇండోనేషియన్ భాషల్ని పోల్చి చూడటం ఎలా?

భాషల్ని పోల్చాలనే సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా తెలుగు-కన్నడమో, స్పానిష్-పోర్చుగీసో, ఇలా దగ్గరి జతలతో మొదలుపెడతారు. తప్పేం లేదు. కానీ దగ్గరి భాషల్లో ప్రతిదీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి ఏ పోలిక ఎందుకు వచ్చిందో అడగాలనే అనిపించదు. చుట్టరికం లేని రెండు భాషలు ఎదురుగా పెట్టుకుంటే అలా కుదరదు, ఒక్క పోలిక కనిపించినా అది అక్కడికి ఎలా వచ్చిందో వెతకాల్సిందే, పోల్చడం అనే పని చేతికి రావాలంటే అదే కావాలి. అందుకే సిసీలియన్, ఇండోనేషియన్ తీసుకోమంటాను. తెలుగువాళ్లకు ఈ జత బాగా కుదరడానికి ఇంకో కారణం కూడా ఉంది: సిసీలియన్‌లో ఉండి ఇండోనేషియన్‌లో లేనివి కొన్ని, అక్కడ ఉండి ఇక్కడ లేనివి కొన్ని, రెండు రకాలూ మన నోట్లో ముందే ఉన్నాయి. కాబట్టి నోట్‌బుక్‌లో రెండు వరసలు కాదు, మూడు గీయండి. మూడోది తెలుగు. ఇంగ్లీషును మధ్యలో పెట్టుకుని పోలిస్తే కనపడనివి తెలుగును పెట్టుకుంటే కనపడతాయి, ఎలాగో కింద చూస్తారు.

ముందు రెండు ముక్కలు పరిచయం. సిసీలియన్ లాటిన్ నుంచి పుట్టిన భాష, సిసిలీ ద్వీపంలో మాట్లాడతారు. దానికి దగ్గరి రూపాలు ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో, పూలియాలోని సాలెంతో ప్రాంతంలో కూడా ఉన్నాయి. ఇటాలియన్‌కి అది యాస కాదు, రెండూ లాటిన్ నుంచి వేర్వేరుగా వచ్చినవే. ఇండోనేషియన్ మలయ్ భాష నుంచి తీర్చిదిద్దిన జాతీయ భాష, మడగాస్కర్ నుంచి హవాయి దాకా పరుచుకున్న ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి చెందింది. 1928 అక్టోబర్ 28న యువ జాతీయవాదులు చేసిన యువజన ప్రతిజ్ఞలో దాన్ని అందరి భాషగా ప్రకటించారు, అప్పటికి జావనీస్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఎక్కువైనా రేవుల్లో, సంతల్లో అందరికీ అర్థమయ్యే మలయ్‌నే ఎంచుకున్నారు. 1945 రాజ్యాంగం 36వ అధికరణం దాన్ని దేశ భాషను చేసింది.

ఏ రూపాన్ని తీసుకోవాలి?

ఇది తేల్చకుండా ముందుకు వెళ్లొద్దు. ఇండోనేషియన్‌కి స్థిరమైన రాత భాష ఉంది, అక్కడి ప్రభుత్వ భాషా సంస్థ నడిపే పెద్ద నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అయితే జకార్తా వీధుల్లో వినిపించేది వేరు, పుస్తకంలో 'తీదక్' (లేదు) అని ఉన్న చోట 'ఎంగ్గక్' అంటారు, 'సాయ' (నేను) బదులు స్నేహితుల మధ్య 'గువె' అంటారు. సిసీలియన్ సంగతి తిరగబడి ఉంటుంది: మాట్లాడే రూపాలు పలెర్మోలో ఒకటి, కతానియాలో ఒకటి, అన్నిటిపైనా అధికారం ఉన్న రాత రూపం మాత్రం లేదు. ఇటలీ 1999లో చేసిన 482వ చట్టం కొన్ని అల్పసంఖ్యాక భాషల్ని గుర్తించింది కానీ అందులో సిసీలియన్ లేదు. 2011లో సిసిలీ ప్రాంతీయ ప్రభుత్వం బడుల్లో దాన్ని నేర్పడానికి ఒక చట్టం చేసింది, 2017లో కదేమియ సిచిల్యాన అనే సంస్థ ఒక రాత పద్ధతి ప్రతిపాదించింది, అయినా ఒకే మాటను ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. కాబట్టి ఒక భాషను బడిలో చెప్పే రూపంలోనూ ఇంకోదాన్ని ఇంట్లో మాట్లాడే రూపంలోనూ తీసుకుంటే మీరు పోల్చేది భాషల్ని కాదు, సందర్భాల్ని. రెండూ రాత రూపాలైనా తీసుకోండి, రెండూ మాట రూపాలైనా తీసుకోండి. ఏది తీసుకున్నారో పేజీ పైన రాసి పెట్టుకోండి. ఈ వ్యాసంలో నేను మామూలు రాత రూపాలే వాడుతున్నాను.

పాత ఇండోనేషియన్ పుస్తకాలు చదివేవాళ్లకు ఒక మాట. 1972లో స్పెల్లింగ్ మారింది, అంతకు ముందు మన 'చ' శబ్దాన్ని టీ, జే అక్షరాలు కలిపి రాసేవారు, ఇప్పుడు ఒక్క సీ అక్షరమే. 'య' శబ్దానికి అప్పుడు జే, ఇప్పుడు వై. ఇది తెలియకపోతే ఒకే మాటను రెండు మాటలనుకుని లెక్కేస్తారు.

ధ్వనులు: ఇక్కడ తొందరపడొద్దు

సిసీలియన్‌లో మొదట వినాల్సినవి అచ్చులు. ఊనిక (మాటలో ఒక భాగాన్ని మిగతావాటికన్నా నొక్కి పలకడం) పడ్డ చోట ఐదు అచ్చులు ఉంటాయి, ఊనిక లేని చోట మూడే మిగులుతాయి: అ, ఇ, ఉ. లాటిన్‌లో దీర్ఘ ఏ, ఓ ఉన్న చోట ఇక్కడ ఇ, ఉ వచ్చాయి. సూర్యుడికి ఇటాలియన్‌లో 'సోలె', ఇక్కడ 'సూలి'. సముద్రం 'మారి', రాత్రి 'నొత్తి'. మాటల చివర ఎ, ఒ దాదాపు కనపడవు. దీన్ని పట్టుకోవడానికి మంచి పద్ధతి ఏంటంటే, ఒకే ధాతువు నుంచి వచ్చిన రెండు మాటలు తీసుకుని ఊనిక ఎటు జరిగిందో చూడండి. 'దొర్ము' అంటే నిద్రపోతాను, 'దుర్మీరి' అంటే నిద్రపోవడం. 'ఫెర్రు' అంటే ఇనుము, 'ఫిర్రారు' అంటే కమ్మరి. ఊనిక ముందుకు జరగగానే ఒ కాస్తా ఉ అయింది, ఎ కాస్తా ఇ అయింది. ఇలాంటి జతలు ఒక పది రాసుకుంటే నియమం మీకే తెలిసిపోతుంది, పుస్తకం తెరవక్కర్లేదు.

ఈ అచ్చుల వెనక ఒక గొప్ప కథ కూడా ఉంది. సానెట్ అనే పద్యరూపం పుట్టింది సిసిలీలోనే, 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులో, జాకొమో ద లెంతీని అనే కవి చేతుల్లో అని చెబుతారు. ఆ పద్యాల్ని తర్వాత మధ్య ఇటలీలోని టస్కనీ లేఖకులు తమ అచ్చులతో తిరగరాశారు, దాంతో సిసీలియన్‌లో చక్కగా కుదిరిన అంత్యప్రాసలు చాలాచోట్ల చెడిపోయాయి. ఆ చెడిన ప్రాసల్ని బట్టే పండితులు అసలు ఉచ్చారణ ఏంటో పట్టుకోగలిగారు. ప్రాస నియమం తెలిసిన తెలుగు పాఠకులకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఇక మనకు బాగా కలిసొచ్చేది 'డ్డ'. లాటిన్‌లో రెండు ల-లు ఉన్న చోట సిసీలియన్‌లో నాలుక వెనక్కి మడిచి పలికే డ్డ వచ్చింది. అందమైన అనే మాట 'బెడ్డు', నక్షత్రం 'స్తిడ్డ', గుర్రం 'కవడ్డు', అతను 'ఇడ్డు', ఆమె 'ఇడ్డ'. ఇంగ్లీషు వాళ్లకూ ఉత్తర ఇటలీ వాళ్లకూ ఈ ధ్వని నేర్పడానికి పేజీల కొద్దీ రాస్తారు, మనకు 'గడ్డి', 'అడ్డు' అని ఒకసారి అనుకుంటే చాలు. అలాగే ద్విత్వం. 'పాని' అంటే రొట్టె, 'పన్ని' అంటే బట్టలు, న-ను వత్తి పలకడంలోనే అర్థం మారిపోయింది, మన గడి-గడ్డి లాగే. ఇండోనేషియన్ సొంత మాటల్లో ఈ తేడా లేదు.

ఇండోనేషియన్ వైపు రండి. అక్కడ వినాల్సినవి మాటల చివరలు. సిసీలియన్ మాటలు మన తెలుగులా అచ్చుతో ముగుస్తాయి, తెలుగును 'తూర్పు ఇటాలియన్' అన్నది కూడా ఈ అజంత స్వభావం చూసే. ఇండోనేషియన్‌లో హల్లుతో ముగిసే మాటలు బోలెడు: 'మాకన్' (తినడం), 'రూమహ్' (ఇల్లు), 'తీదక్'. ఆ చివరి క్-ను మనలా గట్టిగా పలకరు, గొంతులో ఆపేస్తారు. ఇంకోటి, ఎ అక్షరానికి రెండు పలుకులు ఉన్నాయి. ఒకటి మన ఏ లాంటిది, రెండోది అ-కూ ఎ-కూ మధ్యలో నలిగిన ధ్వని, తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు కాబట్టి నేను ఎ అనే రాస్తున్నాను. 'తెరస్' అనే మాటను మొదటి పలుకుతో అంటే ఇంటి ముందు వసారా, రెండో పలుకుతో అంటే చెట్టు చేవ. రాతలో తేడా ఉండదు, కాబట్టి కళ్లతో కాకుండా చెవులతో పోల్చండి. ఊనిక విషయంలో ఇండోనేషియన్ తేలికైనది, ఊనిక మార్చినంత మాత్రాన అర్థం మారదు.

వాక్యాలు: మీవే, చిన్నవే

వ్యాకరణ పుస్తకాల్లోని పట్టికలు పక్కపక్కన పెట్టడం కన్నా, పది చిన్న వాక్యాలు మీరే ఎంచుకుని మూడు భాషల్లోనూ రాయడం మేలు. ప్రతి వాక్యం కింద ఏ ముక్కకు ఏ అర్థమో విడివిడిగా రాయండి, భాషాశాస్త్రంలో దీనికి లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ అని ఒక పద్ధతే ఉంది, అవి చదివితే మీ నోట్స్ వేరేవాళ్లకు కూడా పనికొస్తాయి. ఉదాహరణకు ఈ మూడు చూడండి.

నేను రొట్టె తింటాను: సిసీలియన్‌లో 'మంచు పాని' (మన మంచుకు దీనికి సంబంధం లేదు), ఇండోనేషియన్‌లో 'సాయ మాకన్ రోతి'.
నిన్న రొట్టె తిన్నాను: 'అయేరి మంచాయ్ పాని', 'కెమారిన్ సాయ మాకన్ రోతి'.
రేపు రొట్టె తింటాను: 'దుమాని మంచు పాని', 'బేసొక్ సాయ మాకన్ రోతి'.

ఈ మూడు వాక్యాల్లోనే ఎంత ఉందో చూడండి. సిసీలియన్ క్రియ చివర మారితే ఎవరు తిన్నారో ఎప్పుడు తిన్నారో రెండూ తెలుస్తాయి, అందుకే 'నేను' అనే మాట అక్కర్లేదు, తెలుగులోనూ అంతే. ఇండోనేషియన్ క్రియ కదలదు, మెదలదు, కాలం సంగతి 'కెమారిన్', 'బేసొక్' లాంటి మాటలు చూసుకుంటాయి. కానీ మూడో వాక్యం దగ్గర ఆగండి. ఇటాలియన్‌లో భవిష్యత్తుకు వేరే క్రియారూపం ఉంది, సిసీలియన్ మాటల్లో దాన్ని దాదాపు వాడరు, వర్తమాన రూపానికే 'దుమాని' తగిలిస్తారు, లేదా 'ఆయు అ మంచారి' అని తినాల్సి ఉంది అన్న ధోరణిలో చెబుతారు. అంటే భవిష్యత్తు విషయంలో సిసీలియన్ తన సొంత కుటుంబంలోని ఇటాలియన్ కన్నా ఇండోనేషియన్‌కి దగ్గరగా నడుస్తోంది. మన 'తింటాను' కూడా రోజూ తినేదానికీ రేపు తినబోయేదానికీ ఒకటే. ఈ పోలికకు చుట్టరికం కారణం కాదు, అరువూ కాదు, కాలం చెప్పే మాట పక్కనే ఉంటే క్రియ ఆ పని మళ్లీ చేయనక్కర్లేదు, అంతే. ప్రపంచంలో చాలా భాషలు విడివిడిగా ఇక్కడికే చేరాయి.

గడిచిన కాలం దగ్గర తేడా మళ్లీ పెరుగుతుంది. సిసీలియన్‌లో ఇప్పుడే చేసిన పనికి కూడా 'కి ఫచిస్తి?' (ఏం చేశావ్?) అని ఒకే ముక్క క్రియ వాడతారు. 'ఆయు మంచాతు' అనే రెండు ముక్కల రూపం ఉంది కానీ అది ఇప్పటిదాకా సాగుతున్న, పదే పదే జరిగిన పనులకు ఎక్కువ. ఇండోనేషియన్‌లో 'సూదహ్' (అయిపోయింది), 'బెలుమ్' (ఇంకా లేదు) అనే జత ఉంది. 'సూదహ్ మాకన్?' అంటే తిన్నారా? జవాబు 'బెలుమ్', ఇంకా లేదు. అక్కడ ఉత్త 'తీదక్' అంటే కుదరదు, జరగాల్సింది ఇంకా జరగలేదు అనే భావం తప్పకుండా వినపడాలి. పెళ్లయిందా అని అడిగినా 'బెలుమ్' అనే అంటారు.

'లేదు' అనే మాటల్ని పోల్చడం నాకు అన్నిటికన్నా ఇష్టం. సిసీలియన్ అన్నిచోట్లా 'నున్' ఒక్కదాంతో సర్దుకుంటుంది: తినను అన్నా 'నున్', ఇది రొట్టె కాదు అన్నా 'నున్', తినొద్దు అన్నా 'నున్' పక్కన 'మంచారి' (తినడం) లాంటి తుమున్ రూపం. ఇండోనేషియన్‌లో క్రియకు 'తీదక్', నామవాచకానికి 'బూకన్', వద్దని చెప్పడానికి 'జాంగన్'. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లు తీదక్-బూకన్ తేడా దగ్గర చాలా తికమకపడతారు. 'ఇని బూకన్ రోతి' అంటే ఇది రొట్టె కాదు, 'జాంగన్ మాకన్' అంటే తినొద్దు. కాదు, లేదు, వద్దు అని మూడు పుట్టుకతోనే వేరుచేసే మనకు ఇందులో టెన్షన్ పడాల్సింది ఏం లేదు. మూడో వరస తెలుగు పెట్టమన్నది ఇందుకే.

ఇంకో చోట తెలుగు సిసీలియన్ వైపు నిలబడుతుంది. 'విత్తి అ మరీయ' అంటే మరియాను చూశాను. ఇల్లు చూశాను అనడానికి 'విత్తి ల కాస'. మనిషి కర్మగా వస్తే ముందు 'అ' తగులుతుంది, వస్తువుకు తగలదు. తెలుగులో మరియా'ను' చూశాను, ఇల్లు చూశాను. మనిషికి విభక్తి తప్పదు, వస్తువుకు వదిలేయొచ్చు. రెండు భాషలకూ ఏ సంబంధమూ లేకుండా ఒకే తర్కం. ఇండోనేషియన్‌లో రెంటికీ ఏమీ తగలదు. అయితే ఇక్కడ జాగ్రత్త: మాట్లాడేటప్పుడు సిసీలియన్‌లో 'ల' అనే స్త్రీలింగ ఆర్టికల్ (ఇంగ్లీషు 'ద' లాంటిది) కూడా కుదించుకుపోయి 'అ' అయిపోతుంది, కాబట్టి 'విత్తి అ కాస' అని విని వస్తువుకు కూడా విభక్తి ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. అందుకే పోల్చేటప్పుడు నిండు ఆర్టికల్ ఉన్న వాక్యాలే ఎంచుకోండి.

లింగం గురించి ఎక్కువ చెప్పను. సిసీలియన్‌లో ఉంది, ఇండోనేషియన్‌లో లేదు. అబ్బాయి 'కరూసు', అమ్మాయి 'కరూస', ఇద్దరికీ బహువచనం 'కరూసి', అంటే బహువచనంలో తేడా కరిగిపోతుంది, మన వాడు-ఆమె కలిసి వాళ్లు అయినట్టు. ఇండోనేషియన్‌లో లింగం బదులు లెక్కపెట్టేటప్పుడు వర్గం పలుకుతుంది: ఇద్దరు గురువులు 'దువ ఒరంగ్ గురు', మూడు పిల్లులు 'తీగ ఏకొర్ కూచింగ్', ఇక్కడ ఒరంగ్ అంటే మనిషి, ఏకొర్ అంటే తోక. పది 'మంది' అనే మనకు ఒరంగ్ కొత్తగా అనిపించదు.

మాటల కట్టుబడి

ఇండోనేషియన్ క్రియకు కాలం పట్టదు అన్నాం కదా, అంతమాత్రాన ఆ భాషకు వ్యాకరణం లేదని కొందరు రాసేస్తారు. అది నిజం కాదు. కాలం దగ్గర మిగిల్చిన బలమంతా అది మాటలు కట్టడంలో పెడుతుంది. 'ఆజర్' అనే ధాతువు తీసుకోండి. 'బెలాజర్' నేర్చుకోవడం, 'మెంగాజర్' నేర్పడం, 'పెలాజర్' విద్యార్థి, 'పెంగాజర్' ఉపాధ్యాయుడు, 'పెలాజరన్' పాఠం, 'ఆజరన్' బోధన. సిసీలియన్‌లో ఇలాంటి పని ఎక్కువగా మాట చివర చేరే ప్రత్యయాలు చేస్తాయి: కరూసు నుంచి చిన్నవాడు అనే అర్థంలో 'కరుసెడ్డు', స్కార్ప (బూటు) నుంచి చెప్పులు కుట్టే 'స్కర్పారు'. కాబట్టి పోల్చేటప్పుడు ఒక ధాతువు పట్టుకుని దాని సంతానం అంతా రాయండి, ఒక్కో భాష మాటకు ఏ వైపు పెరుగుతుందో కంటికి కనపడుతుంది.

'మె' ఉపసర్గ చేరినప్పుడు వచ్చే మార్పు కూడా చూడండి. 'తూలిస్' (రాయి) కాస్తా 'మెనూలిస్', 'పూకుల్' (కొట్టు) కాస్తా 'మెమూకుల్', 'కీరిమ్' (పంపు) కాస్తా 'మెంగీరిమ్', 'సాపు' (ఊడ్చు) కాస్తా 'మెఞాపు'. త, ప, క, స పోయి వాటి స్థానంలోని అనునాసికాలు వచ్చాయి. బడిలో 'పూచెఁగలువలు' సంధి చదువుకున్నవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టుంటుంది, ద్రుతం తర్వాత పరుషాలు సరళాలు అవుతాయి మనకు, వీళ్లకు అవి మాయమే అవుతాయి. నిఘంటువులో వెతికేటప్పుడు ఈ నియమం తెలియకపోతే ముందుకు కదలలేరు, ఎందుకంటే మెనూలిస్ మ కింద దొరకదు, తూలిస్ కింద త దగ్గర ఉంటుంది.

రెండుసార్లు పలకడం రెండు భాషల్లోనూ ఉంది. ఇండోనేషియన్‌లో 'బూకు-బూకు' పుస్తకాలు, 'జాలన్-జాలన్' షికారు, 'మాత-మాత' గూఢచారి (మాత అంటే కన్ను). సిసీలియన్‌లో 'మూరు మూరు' అంటే గోడ వెంబడి, 'కాసి కాసి' అంటే ఇంటింటా తిరుగుతూ, 'ఒర ఒర' అంటే ఇప్పుడే. పైకి ఒకటే అయినా లోపల పని వేరు: ఇండోనేషియన్ దాన్ని బహువచనానికి వాడుతుంది, సిసీలియన్ ఎప్పుడూ అలా వాడదు. సంఖ్య ఉంటే ఇండోనేషియన్ కూడా జంట చేయదు, రెండు పుస్తకాలు అంటే 'దువ బూకు' అంతే.

మనం, మేము, మీరు

'మనం వెళ్దాం', 'మేం వెళ్తాం' తేడా మనకు ఆలోచించాల్సిన పని లేనిది. ఇండోనేషియన్‌లో ఇదే తేడా అచ్చంగా ఉంది: వినేవాళ్లను కలుపుకుంటే 'కీతా', వదిలేస్తే 'కామి'. సిసీలియన్‌లో 'నువావుట్రి' ఒక్కటే. విడదీసి చూస్తే ఆ మాటలో 'ఇతరులు' అనే ముక్క కనపడుతుంది, దాన్ని బట్టి అది మన 'మేము' అనుకోకండి, వాడుకలో ఇద్దరినీ కలిపే చెబుతుంది. మాట పుట్టుక వేరు, నేటి వాడుక వేరు, పోల్చేటప్పుడు వాడుకనే రాయాలి.

గౌరవం గురించి పట్టికలో సర్వనామాల వరసతో ఆగిపోవద్దు. ఇండోనేషియన్‌లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు సర్వనామమే వాడకుండా 'బాపక్' (నాన్న), 'ఇబు' (అమ్మ) అనే అంటారు. 'బాపక్ మావు కె మాన?' అంటే ఎదురుగా ఉన్న పెద్దాయనను మీరు ఎక్కడికి వెళ్తున్నారని అడగడం. కొంచెం పెద్దవాళ్లయితే 'కాకక్', చిన్నవాళ్లయితే 'ఆదిక్'. సిసిలీ పల్లెల్లో పెద్దవాళ్లను చుట్టం కాకపోయినా 'త్సు' (మామ, బాబాయి), 'త్స' (అత్త, పిన్ని) అని పేరుకు ముందు తగిలించి పిలిచే అలవాటు ఉంది, మర్యాదకు 'వొస్సీయ' అనే మాట వాడి క్రియను ప్రథమ పురుషలో పెడతారు. బస్సులో తెలియనివాళ్లను అన్నా, అక్కా అని పిలిచేవాళ్లు ఈ రెండింటినీ ఒకే శీర్షిక కింద రాసుకోవచ్చు.

పదాలు: పోలికకు కారణం రాయనిదే గీత గీయొద్దు

పదజాలం చివర పెట్టింది కావాలనే. అందరూ ఇక్కడే మొదలుపెడతారు, ఇక్కడే దారి తప్పుతారు. మోరిస్ స్వాడెష్ అనే భాషాశాస్త్రవేత్త తయారుచేసిన ప్రాథమిక పదాల జాబితా (207 మాటలది) ముందు పెట్టుకుని రెండు భాషల్లోనూ నింపండి. నీళ్లు 'అక్క్వ', 'ఆయిర్'. రాయి 'పెట్ర', 'బాతు'. కన్ను 'ఒక్యు', 'మాత'. చాలావరకు ఏమీ కలవదు, కలవకపోవడం కూడా ఒక ఫలితమే, రాసుకోండి. కలిసిన ప్రతిచోటా పక్కన కారణం రాయండి.

రెండు అనే మాట చూడండి: సిసీలియన్‌లో 'దూయి', ఇండోనేషియన్‌లో 'దువ'. ఎవరికైనా కళ్లు మెరుస్తాయి. ఇక్కడ చేయాల్సిన పని రెండు మాటల్నీ చూస్తూ కూర్చోవడం కాదు, ఒక్కో మాట బంధువుల్ని పిలవడం. ఇండోనేషియన్ బంధువులు: జావనీస్‌లో 'లోరో', మడగాస్కర్‌లో 'రువ', మావోరీలో 'రువ', హవాయిలో 'లువ', ఫిలిప్పీన్స్ భాష టాగలాగ్‌లో 'దలవ'. సిసీలియన్ మాట లాటిన్ 'దువొ' నుంచి. రెండు కుటుంబాలూ వాటి దారిన అవి వచ్చి అనుకోకుండా ఇక్కడ తారసపడ్డాయి. ఇది కాకతాళీయం.

ఇప్పుడు చక్రం: 'రోత', 'రోద'. ఆదివారం: 'దుమీనిక', 'మింగ్గు'. చర్చి: 'క్రేసియ', 'గెరేజ'. ఇవి కాకతాళీయం కాదు. 1511లో పోర్చుగీసు వాళ్లు మలయ్ రేవు పట్నం మలక్కాను పట్టుకున్నాక వాళ్ల మాటలు మలయ్‌లో చేరాయి, పోర్చుగీసు కూడా లాటిన్ బిడ్డే కాబట్టి సిసీలియన్‌తో కలిశాయి. మింగ్గు పోర్చుగీసు 'దొమింగు' నుంచి వచ్చింది, మొదటి అక్షరం రాలిపోయింది. కారణం: అరువు, మూడో భాష ద్వారా.

పేరు అనే మాట మరీ అందంగా ఉంటుంది: 'నోము', 'నామ'. ఇండోనేషియన్ నామ సంస్కృతం నుంచి, సిసీలియన్ నోము లాటిన్ నుంచి, సంస్కృతం లాటిన్ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి. దేవుడు 'దియు', 'దేవ' కూడా ఇంతే. అంటే సిసీలియన్‌కి వారసత్వంగా వచ్చిందీ, ఇండోనేషియన్ అరువు తెచ్చుకున్నదీ దూరాన ఒకే చోట కలుస్తాయి. సుమత్రాలో దొరికిన కెదుకన్ బుకిత్ శాసనం, క్రీ.శ. 683 నాటిది, పాత మలయ్ భాషలో పల్లవ లిపిలో ఉంది, అందులోనే సంస్కృత పదాలు నిండుగా కనిపిస్తాయి. ఆ రాకపోకలు అంత పాతవి.

అరబీ మాటలు రెండు వైపులా ఉన్నాయి, కానీ వచ్చిన దారులు వేరు. సిసిలీకి అరబ్బుల సైన్యం 827లో వచ్చింది, 1091 నాటికి నార్మన్లు ద్వీపాన్ని పూర్తిగా తీసుకున్నారు. ఆ కాలం నుంచి మిగిలినవాటిలో పొలం, నీళ్ల మాటలు ఎక్కువ: నువ్వులు 'జుజ్జులేన', నీటి తొట్టి 'జెబ్బియ', నీళ్లు తోడే చక్రం 'సేనియ'. ఇండోనేషియన్‌కి అరబీ మాటలు వర్తకం, మతం, చదువుల ద్వారా వచ్చాయి: 'హుకుమ్' (చట్టం), 'వక్తు' (సమయం), 'కాబర్' (కబురు), 'కుర్సి' (కుర్చీ). అరువు మాటలు ఏ రంగంలో గుంపు కట్టాయో చూస్తే ఆ రెండు జనాల మధ్య ఏం జరిగిందో తెలుస్తుంది, అందుకే పక్కన రంగం కూడా రాయండి. రెండింటిలోనూ ఉన్న అరబీ మాట ఒకటి చెప్తాను: సిసీలియన్ 'తబ్బూతు' శవపేటిక. సుమత్రాలో బెంకులు ఊళ్లో మొహర్రంకి ఊరేగించేది 'తబొత్', పరియామన్‌లో 'తబుయిక్'. మన పీర్ల పండగలో తాబూతు అదే.

తెలుగువాళ్లు ఒక్క దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇండోనేషియన్‌లో సంస్కృత పదాలు చూసి అర్థం తెలిసిపోయిందనుకుంటాం. 'చింతా' అంటే అక్కడ ప్రేమ. 'బిచార' మాట్లాడటం, విచారపడటం కాదు. 'నెగార' దేశం, నగరం కాదు. 'ఆచార' కార్యక్రమం. 'బియాస' మామూలు. ప్రతి మాటనూ వాళ్ల నిఘంటువులోనే సరిచూసుకోండి, మన నిఘంటువులో కాదు.

మాట్లాడేవాళ్లతో సరిచూసుకోవడం

నోట్స్ తయారయ్యాక ఒక్కో భాష మాట్లాడే మనిషికి చూపించండి, కానీ "ఈ వాక్యాన్ని మీ భాషలోకి మార్చండి" అని అడగొద్దు. సిసీలియన్ మాట్లాడేవాళ్లందరికీ దాదాపు ఇటాలియన్ వచ్చు, వాక్యం ఇచ్చి అడిగితే ఇటాలియన్ నీడ పడిన జవాబే వస్తుంది. ఇండోనేషియన్ మాట్లాడేవాళ్లలో చాలామందికి ఇంటి భాష జావనీసో సుందనీసో ఇంకోటో, అడిగిన వెంటనే బడిలో నేర్చిన రాత రూపం చెబుతారు. అందుకని సందర్భం ఇవ్వండి: మీ స్నేహితుడు ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగాడు, రేపే అని చెప్పాలి, ఏమంటారు? సిసీలియన్ మనిషి ఇటాలియన్ ధోరణిలో భవిష్యత్ రూపం చెబితే, ఇదే మాట మీ నానమ్మ అయితే ఎలా అనేదని ఇంకోసారి అడగండి, ఆ రెండు జవాబులూ తేదీతో సహా విడివిడిగా రాసుకోండి.